మా ఊళ్ళో ద్రాక్ష తోటలు లేవండీ

మా పుట్టింటి ఊరు ద్రాక్షారామం అని చెప్పగానే కొత్తవాళ్ళు అడిగే మాట ఒకటే. "ఓహో, అక్కడ ద్రాక్ష బాగా పండుతుందా?" పండదండీ. మా వైపు వరి పండుతుంది, కొబ్బరి కాస్తుంది, అరటి గెల వేస్తుంది. ద్రాక్షపళ్ళు కావాలంటే మేమూ మీలాగే తోపుడు బండి మీద బేరమాడి కొనుక్కోవాలి. ఆ పేరులో ఉన్న రకారం తర్వాతెప్పుడో వచ్చి చేరింది. అసలు పేరు దక్షారామం. దాక్షారామం అని కూడా అన్నారు. దక్షప్రజాపతి పేరు మీద వెలసిన ఊరు.

నా పేరు దాక్షాయణి. ఊరి పేరులో దూరిన రకారం నా పేరును కూడా వదల్లేదు. సగం మంది నన్ను ద్రాక్షాయణి అంటారు. కొందరు దాక్షాయిణి అంటారు. ఉత్తరాది వాళ్ళు దక్షయని అని మూడు ముక్కల్లో తేల్చేస్తారు. శుభలేఖల మీద, కొరియర్ కవర్ల మీద, గ్యాస్ పుస్తకం మీద నా పేరు ఎన్ని రకాలుగా వచ్చిందో లెక్క పెట్టడం మానేశాను. కానీ ఈ పేర్ల సంగతి నాతో మొదలైంది కాదు. మా గోదావరి వైపు ఊళ్ళకీ, మనుషులకీ, అందులోనూ ఆడవాళ్ళకీ ఇది చాలా పాత కథ. ఈసారి ఆ కథే చెబుతాను.

ముందు ఊరి సంగతి. పంచారామాల పేర్లు మీకు తెలిసే ఉంటాయి. అమరావతిలో అమరారామం, పాలకొల్లులో క్షీరారామం, భీమవరం గునుపూడిలో సోమారామం, సామర్లకోటలో కుమారారామం, ఐదోది మాది. ఆరామం అంటే తోట. బౌద్ధ భిక్షువులు ఉండే చోటును కూడా ఆరామం అనేవారు కాబట్టి, ఈ క్షేత్రాలు ఒకప్పుడు బౌద్ధానికి సంబంధించినవి కావచ్చని కొందరు చరిత్రకారులు అంటారు. మా గుడిని తూర్పు చాళుక్య రాజు చాళుక్య భీముడు కట్టించాడని చెబుతారు. ఆయన పాలించింది 892 నుంచి 922 వరకు. స్వామి పేరు భీమేశ్వరుడు. శివలింగం ఎంత ఎత్తంటే అభిషేకం పై అంతస్తులో జరుగుతుంది.

పదిహేనో శతాబ్దంలో శ్రీనాథుడు ఈ క్షేత్రం మీద ఒక కావ్యమే రాశాడు, భీమేశ్వర పురాణం. ఆయనకిది దక్షారామం, దక్షవాటి. అష్టాదశ శక్తిపీఠాల శ్లోకం నోటికి వచ్చినవాళ్ళు ఒకసారి గుర్తు చేసుకోండి. అందులో మా అమ్మవారు ఉండే చోటు దక్షవాటికే. ఎక్కడా ద్రాక్ష లేదు. మరి ఎలా వచ్చింది? నాకు తోచేది ఇది. దక్షుడు పురాణంలో వాడు. ద్రాక్ష నోటికి తెలిసిన పండు. పక్కన ఆరామం అంటే తోట అని ఉండనే ఉంది. ద్రాక్ష తోట అంటే అర్థం కుదిరిపోయింది. తెలియని మాటను తెలిసిన మాట దగ్గరికి లాక్కోవడం మన నోటికి అలవాటే కదా. తమాషా ఏమిటంటే, మా పెద్దవాళ్ళు మాటల్లో ఇప్పటికీ "దాక్షారం" అనేస్తారు. బోర్డు మీద ద్రాక్ష ఉన్నా వాళ్ళ నాలుక మీద దక్షుడే ఉన్నాడన్నమాట.

ఇక దాక్షాయణి. దక్షుడి కూతురు కనుక సతీదేవికి ఆ పేరు. తండ్రి యజ్ఞం తలపెట్టి అల్లుణ్ణి పిలవకపోవడం, పిలవని పేరంటానికి సతి వెళ్ళడం, అక్కడ భర్తను నిందిస్తుంటే వినలేక శరీరం వదిలేయడం మనందరికీ తెలిసిన కథే. ఆ యజ్ఞం జరిగిన చోటు ఇదేనని మా స్థలపురాణం. నేను పెళ్ళయి పిల్లలు పుట్టాక పోతన భాగవతం చదువుకుంటూ నాలుగో స్కంధంలో ఆగిపోయాను. శివుడు తనను దాక్షాయణి అని పిలిస్తే ఇక సిగ్గుపడాల్సి వస్తుందనీ, ఆ తండ్రి ఇచ్చిన శరీరమే వద్దనీ సతీదేవి అక్కడ అంటుంది. అంటే నా పేరును మొట్టమొదట వద్దనుకున్నది ఆ తల్లే! జనం తప్పు పలకడం కాదు, పేరు పెట్టుకున్న మనిషే ఆ పేరును కాదన్నది. అందుకో మరెందుకో గానీ, మా గుళ్ళో అమ్మవారు దాక్షాయణి కాదు, మాణిక్యాంబ. ఆవిడను ఎవరి కూతురిగానూ పిలవరు. మా వైపు ప్రతి ఇంట్లో ఒక మాణిక్యాంబో, మాణిక్యమో ఉండడానికి కారణం ఆవిడే.

నోటితో మారే పేర్లు ఇలా నెమ్మదిగా మారతాయి. కలంతో మారే పేర్లు ఒక్క రోజులో మారతాయి. ఆ రెండో రకం దొరల కాలంలో బాగా చూశాం. వాళ్ళు మొదట మన భాష పేరే మార్చేశారు. పోర్చుగీసు మాట ఒకటి పట్టుకుని తెలుగును "జెంటూ" అన్నారు. 1816లో క్యాంప్‌బెల్ అనే ఇంగ్లీషు అధికారి తెలుగు వ్యాకరణం అచ్చు వేసినప్పుడు, దీన్నే సాధారణంగా జెంటూ అంటారని పుస్తకం పేరులోనే చెప్పుకోవాల్సి వచ్చింది. మన భాషను మనం తెలుగు, తెనుగు అని పిలుచుకుంటుంటే కాగితాల మీద మాత్రం అది జెంటూ!

ఊళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. కాకినాడ కొకనాడా అయింది. రాజమహేంద్రవరం రాజమండ్రి అయింది. ధవళేశ్వరం దౌలైశ్వరం అయింది. రాజమహేంద్రవరం పేరును 2015లో ప్రభుత్వం తిరిగి ఇచ్చింది కానీ, బస్సెక్కితే మన నోట వచ్చేది రాజమండ్రే. కాకినాడ పేరు బోర్డుల మీద ఎప్పుడో సరైంది. అయినా ఈసారి రైలు టికెట్టు తీసుకున్నప్పుడు కాకినాడ టౌన్ స్టేషన్‌కి ఉన్న కోడ్ చూడండి. సి.సి.టి. అని ఉంటుంది. కొకనాడా టౌన్! పోర్టు స్టేషన్ కోడ్ సి.ఓ.ఏ. అదీ కొకనాడాయే. బోర్డు మీద సున్నం కొట్టి పేరు మార్చినా లోపల పుస్తకంలో పాత పేరు అలాగే కూర్చుని ఉంటుంది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్ళీ మన కాగితాల దగ్గర పనికొస్తుంది.

ఆడవాళ్ళం కాబట్టి ఒక బట్ట కథ కూడా చెప్పుకుందాం. నరసాపురం దగ్గర మాధవాయపాలెం అని ఉండేది. పదిహేడో శతాబ్దంలోనే ఇంగ్లీషు కంపెనీ అక్కడ వర్తక కేంద్రం పెట్టి, చుట్టుపక్కల నేతగాళ్ళ దగ్గర మెత్తటి తెల్ల నూలు బట్ట కొని ఓడలకెక్కించేది. వాళ్ళ నోట ఆ ఊరు "మడపొల్లం" అయింది. ఊరి పేరే బట్ట పేరయింది. ఫ్రెంచి వాళ్ళూ, స్పానిష్ వాళ్ళూ దుప్పట్లకీ, లోపలి దుస్తులకీ వాడే ఒక రకం నూలు బట్టను ఇప్పటికీ మడపోలం అంటారు. నేసినవాళ్ళ పేర్లు ఒక్కటీ మిగల్లేదు. మిగిలిన ఊరి పేరు కూడా సరిగ్గా మిగల్లేదు.

మనుషుల పేర్ల దగ్గరికి వస్తే నవ్వు తగ్గిపోతుంది. యానాం పక్కన కోరంగి పెద్ద రేవుగా ఉండేది. 1789లోనూ, 1839లోనూ తుఫాన్లు దాన్ని దెబ్బ తీశాయి. ఆ రేవు వైపు నుంచి ఓడలెక్కి బర్మా వెళ్ళిన తెలుగువాళ్ళను అక్కడ "కోరంగీలు" అన్నారు. శ్రీకాకుళం వాడైనా, విశాఖ వాడైనా, గోదావరి వాడైనా అందరూ కోరంగీలే. మారిషస్‌లోనూ మొదట్లో తెలుగువాళ్ళకు ఆ పేరే పడింది. ఇంట్లో అమ్మ పెట్టిన పేరు, తరాల నాటి ఇంటిపేరు, పుట్టిన ఊరు అన్నీ పోయి ఎక్కిన రేవు పేరు మిగిలింది.

కూలి ఒప్పందాల మీద వెళ్ళినవాళ్ళ పేర్లను ఓడల జాబితాల్లో రాసుకునేవారు. దక్షిణాఫ్రికాలో నాటాల్‌కి మద్రాసు నుంచి బయల్దేరిన మొదటి ఓడ ట్రూరో. అది 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. అలాంటి జాబితాల్లో నెంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, ఊరు అని గడులు ఉండేవి. మన ఇంటిపేరుకి అందులో గడి లేదు. దాంతో కొన్ని కుటుంబాలకు తండ్రి పేరే ఇంటిపేరుగా స్థిరపడింది. కొన్నింటికి కులం గుర్తే ఇంటిపేరయింది. నాయుడు అన్న మాట చివర ఆనాటి వాళ్ళు రెండు ‘ఓ’లు పెట్టి నైడూ అని రాశారు. తెలుగును తెలూగూ అని రాసిన కాలమే అది. ఆ రెండు ‘ఓ’లు దక్షిణాఫ్రికాలో తరతరాలుగా అలాగే ఉన్నాయి. ఇప్పుడు వాళ్ళకు అదే సొంత పేరు. అది తప్పు అని మనం ఇక్కడ కూర్చుని చెప్పడానికి లేదు.

ఆ జాబితాల్లో ఆడవాళ్ళ పేర్లలో లక్ష్మి అన్నది లచ్‌మీ అని కనిపిస్తుంది. మొదట చూస్తే ఎంత పాడు చేశారో అనిపిస్తుంది. కానీ ఒక్క నిమిషం ఆలోచించండి. మన పల్లెల్లో లక్ష్మిని లక్ష్మి అని పిలిచిన వాళ్ళెవరు? లచ్చిమి, లచ్చమ్మ, లచ్చి అనే కదా. ఆ గుమాస్తా బల్ల ముందు నిలబడిన పిల్ల తన పేరు ఎలా పలికిందో దాదాపు అలాగే రాశాడతను. పుస్తకంలో పేరు ఆమెకు తెలియదు. అమ్మ పిలిచిన పేరే తెలుసు. సముద్రం అవతల వందేళ్ళ నాటి కాగితంలో ఒక తెలుగు తల్లి పిలుపు నిలిచిపోయింది. అక్షరాలు తప్పే, పిలుపు మాత్రం నిజం.

మరి మనమేమైనా తక్కువ తిన్నామా? రంగూన్‌ని రంగం అన్నాం. రంగం వెళ్ళాడు, రంగం డబ్బు పంపాడు అని మన ముసలమ్మలు చెప్పేవారు. గోదావరికి ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్‌ని కాటన్ దొర అన్నాం, ముందూ వెనకా ఉన్నవన్నీ తీసేశాం. ఆయన నొచ్చుకుని ఉండరు, ఎందుకంటే ఆ పిలుపులో ప్రేమ ఉంది. బలవంతం లేదు. దొరలు మార్చిన పేర్ల విషయంలో తేడా అక్కడే ఉంది. కొకనాడా అన్న పేరుతోనే దరఖాస్తు పెట్టుకోవాలి, ఆ పేరుతోనే పన్ను కట్టాలి. రంగం అని మనం పిలిచినందుకు బర్మాలో ఎవరూ తమ ఊరి పేరు మార్చుకోవాల్సిన పని లేదు. నోటి తప్పు నవ్వుకుని వదిలేయొచ్చు. కలం తప్పుకు మాత్రం తప్పు రాసిన వాళ్ళు కాదు, పేరు మోసేవాళ్ళు మూల్యం చెల్లిస్తారు.

ఇప్పుడు మళ్ళీ మా గుడికి రండి. ద్రాక్షారామం గుడి గోడల మీద, స్తంభాల మీద మూడు వందలకు పైగా శాసనాలున్నాయి. తెలుగులో, సంస్కృతంలో, కొన్ని తమిళంలో. వాటిలో చాలా వరకు దక్షిణ భారత శాసనాల నాలుగో సంపుటంలో 1923లో అచ్చయ్యాయి. యుద్ధాల గొప్పలు తక్కువ, దీపాలు ఎక్కువ. స్వామి ముందు ఆరకుండా వెలిగే దీపానికి నెయ్యి కోసం పశువులను ఇచ్చామనో, ధనం ఇచ్చామనో రాయించుకున్నవే ఎక్కువ. అలా ఇచ్చినవాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు. రాణులున్నారు, అధికారుల భార్యలున్నారు, గుడిలో సేవ చేసిన సానులున్నారు. ఫలానా వారి భార్య అనో కూతురు అనో చెప్పినా, ఆవిడ సొంత పేరు కూడా పక్కన చెక్కించారు. మా ఊరికి దగ్గరలోనే పిఠాపురంలో కుంతీమాధవస్వామి గుడిలో 1186 నాటి శాసనం ఒకటుంది. వెలనాటి రాజు పృథ్వీశ్వరుడి తల్లి జయాంబిక స్వామికి ఒక ఊరు దానమిచ్చినట్టు అందులో ఉంది. రాజమాత అని సరిపెట్టలేదు. జయాంబిక అని ఉంది. ఎనిమిది వందల ఏళ్ళ తర్వాత నేను ఇప్పుడు ఆవిడ పేరు పలకగలుగుతున్నాను.

రాతి మీద చెక్కేవాళ్ళు కూడా తప్పులు చేసేవారు. ఒత్తు పోతుంది, దీర్ఘం పోతుంది. ఆ శాసనాలను అచ్చు వేసిన పండితులు ఆ తప్పును చడీచప్పుడు లేకుండా దిద్దేయలేదు. రాయి మీద ఎలా ఉందో అలాగే వేసి, అడుగున ‘దీన్ని ఇలా చదువుకోవాలి’ అని సరైన రూపం రాశారు. రాసినవాడి చేయీ పోలేదు, అసలు పేరూ పోలేదు. నాకు ఆ పద్ధతి ఎంతో నచ్చింది.

మా ఊళ్ళో 1880లో పుట్టిన ఒకావిడ సంగతి కూడా చెప్పాలి. దువ్వూరి సుబ్బమ్మగారు. పదేళ్ళకే పెళ్ళి చేశారు, చిన్నతనంలోనే భర్త పోయారు. ఆ రోజుల్లో అలాంటి ఆడపిల్లకు పేరుతో పనేముంది? ఇంట్లో ఒక మూల, ఒక పూట భోజనం. ఆవిడ మాత్రం బయటికొచ్చారు. సహాయ నిరాకరణ రోజుల్లో ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చారు, 1922లో జైలుకు వెళ్ళారు. గోదావరి జిల్లాల్లో సుబ్బమ్మలకు కొదవేముంది? అయినా జనం ఈ సుబ్బమ్మను వేరుగా గుర్తు పెట్టుకున్నారు, ‘దేశబాంధవి’ అని ముందు చేర్చి పిలుచుకున్నారు. పుట్టింటి ఇంటిపేరు పెళ్ళితో పోయింది, అత్తింటి ఇంటిపేరు ఇచ్చిన మనిషి త్వరగా పోయారు. దేశబాంధవి అన్నది మాత్రం ఆవిడ సంపాదించుకున్న పేరు. 1964లో ఆవిడ పోయేదాకా, పోయాక కూడా అది ఆవిడదే.

ఈ మాటలన్నీ ఎందుకు చెబుతున్నానంటే మా అమ్మమ్మ వల్ల. అమ్మమ్మ పేరు మాణిక్యాంబ. రేషన్ కార్డులో మాణిక్యం. పొలం కాగితాల్లో మాణిక్యమ్మ. ఆధార్‌లో ఇంగ్లీషులో ఉన్నది చదివితే మనిక్యంబా. పొయ్యి దగ్గర ఒక్కరే, కాగితాల మీద నలుగురు. తాతయ్య పోయాక అర ఎకరం పొలం ఆవిడ పేరు మీదికి మార్చుకోవడానికి వెళ్తే, ఈ నలుగురూ ఒకరేనని రుజువు చేయమన్నారు. ఎనభై ఏళ్ళ మనిషి నోటరీ దగ్గరికి వెళ్ళి, మాణిక్యమూ మాణిక్యమ్మా మాణిక్యాంబా నేనేనని ప్రమాణ పత్రం మీద వేలిముద్ర వేసింది. బయటికొచ్చి, "ఇన్నాళ్ళూ నేనెవరో నాకే తెలీలేదే అమ్మాయ్" అంది. నవ్వుతూనే అంది. ఆ నలుగురిలో ఒక్క పేరు కూడా ఆవిడ రాసుకున్నది కాదు. ప్రతిసారీ ఎవరో అడిగారు, పక్కనున్న మగవాళ్ళెవరో చెప్పారు, ఇంకెవరో రాసుకున్నారు. తాతయ్య పేరు మాత్రం అన్నిటిలోనూ ఒకేలా ఉంది, ఎందుకంటే ఆయన సంతకం చేసేవారు.

ఇంగ్లీషు అక్షరాలతో ఈ తిప్పలు ఇంకా పెరుగుతాయి. మనకు త, థ, ట, ఠ నాలుగూ వేరు. వాళ్ళకు ఉన్నది ఒక్క ‘టి’. అందుకే మనం ట నుంచి వేరు చేయడానికి త దగ్గర ‘హెచ్’ చేర్చి స్వాతి, గీత, సరిత అని రాస్తాం. ఉత్తరాదిలో అదే ‘హెచ్’ని ఒత్తుగా చదివి స్వాథి, గీథా అంటారు. తప్పు ఎవరిదీ కాదు, అక్షరాలు చాల్లేదు. లక్ష్మిని కొందరు ‘ఎక్స్’తో, కొందరు ‘కె, ఎస్, హెచ్’తో రాస్తారు. ఏదైనా ఫరవాలేదు, అన్ని చోట్లా ఒకటే ఉండాలి. ఇంటిపేరు ముందు రాసే మన పద్ధతి వల్ల అమెరికా వెళ్ళిన మన అమ్మాయిలను అక్కడ ఇంటిపేరుతోనే పిలిచేస్తుంటారు. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో పడి రెండోది ఖాళీగా ఉంటే, వీసా మీద ‘ఎఫ్.ఎన్.యు.’ అని వస్తుంది. మొదటి పేరు తెలియదు అని దాని అర్థం. పాపం, పేరు ఉండీ తెలియనిదైపోతుంది.

కాబట్టి చెల్లెళ్ళారా, ఇంట్లో ఈ పని మనమే చేయాలి. పిల్లల పుట్టిన సర్టిఫికెట్‌లో పేరు రాయించేటప్పుడే తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఎలా ఉండాలో ముందుగా కాగితం మీద రాసి తీసుకెళ్ళండి. 2023 అక్టోబరు నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేర్చడం దగ్గర నుంచి చాలా పనులకు ఆ సర్టిఫికెట్టే ఆధారం. ఆధార్‌లో పేరు మార్చుకోవడానికి రెండుసార్లే అవకాశం ఉంటుంది, కాబట్టి తొందరపడి దిద్దించకుండా పదో తరగతి సర్టిఫికెట్టు పక్కన పెట్టుకుని, ఏది నిలపాలో తేల్చుకుని వెళ్ళండి. ఇంట్లో అత్తగారి పేరు, అమ్మ పేరు ఏ కాగితంలో ఎలా ఉందో ఒకసారి చూడండి. వాళ్ళు తిరగగలిగిన రోజుల్లోనే దిద్దించండి.

ఇంకొక్క పని. మీ అమ్మమ్మ తల్లి పేరు, నాయనమ్మ తల్లి పేరు మీకు తెలుసా? చాలామందికి తెలియదు. మామ్మ, పెద్దమ్మమ్మ అని వరసలే గుర్తుంటాయి. ఈసారి పుట్టింటికి వెళ్ళినప్పుడు ఉన్న పెద్దవాళ్ళను అడిగి, పుట్టింటి ఇంటిపేరుతో సహా ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. వాళ్ళను పిలిచిన పేరు ఒకటి, పెట్టిన పేరు ఒకటి అయితే రెండూ రాయండి. శాసనాల పండితులు చేసినట్టు పిలిచిన పేరు పైన, అసలు పేరు అడుగున. మా పుస్తకంలో ఇప్పటికి పదకొండు పేర్లు వచ్చాయి. అందులో ఒకావిడను అందరూ బుల్లెమ్మ అనేవారట. అసలు పేరు సత్యవతి అని మా పెద్దమ్మకు ఒక్కర్తికే గుర్తుంది.